దొడ్డిలో రెండు గంటలు: పారుడు రోగం టీకా ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 11

ఈ రోజు నుంచి రాసిపెట్టుకుంటున్నాను. నేను నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, ఉదయగిరి కొండల కింది పల్లెల్లో పశుసంవర్ధక సహాయకురాలిగా పని చేస్తున్నాను. ఇక్కడ పొలం లేని ఇల్లు ఉంటుంది గానీ జీవాలు లేని వీధి ఉండదు. కళ్ల చుట్టూ, దవడ కింద నల్ల మచ్చలుండే జుడిపి, తెల్లటి పల్లా, గోధుమరంగు దోర, ఈ మూడూ నెల్లూరు గొర్రెలే. బ్యాంకులో డబ్బు లేకపోయినా దొడ్డిలో నాలుగు పొట్టేళ్లుంటే కూతురి పెళ్లి గట్టెక్కుతుందనే ధైర్యం ఇక్కడి వాళ్లది.

పోయినేడాది కార్తీకంలో కొండ కింది పల్లెలో ఒక మందకు పారుడు రోగం వచ్చింది. గొర్రెలకూ మేకలకూ వచ్చే వైరస్ జబ్బు ఇది, డాక్టర్లు పీపీఆర్ అంటారు. నేను వెళ్లేసరికి గొర్రె పిల్లలు మెడలు వాల్చి గోడవార నిలబడి ఉన్నాయి. ముక్కు కారి కారి పక్కు కట్టింది. కళ్లు ఊసులతో అతుక్కుపోయాయి. ఒకదాని నోరు తెరిచి చూస్తే చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు తెల్లటి పొర, దాన్ని కదిపితే కింద ఎర్రటి పుండు. దొడ్డంతా ఆ పారుడు వాసన. ఆ మందకు అంతకు రెండు నెలల ముందే టీకా వేసి ఉన్నారు. మంద పెద్దాయన నన్ను ఒకటే అడిగాడు: "సూది ఏపించినా పొయినాయి గదమ్మణ్ణీ, ఇంక ఏపించేది దేనికి?"

నా దగ్గర జవాబు లేదు. కారణాలు చాలా ఉండొచ్చు. టీకా నాటికి అవి మరీ చిన్న పిల్లలు కావచ్చు. తర్వాత పుట్టినవి కావచ్చు. లేదా టీకా మందులోని ప్రాణమే దారిలో పోయి ఉండొచ్చు. ఈ మూడోదాన్ని మాత్రం నేను కొలవగలను. ఫ్రిజ్‌లోంచి తీసిన దగ్గర్నుంచి జీవం చర్మం కిందికి దిగేదాకా టీకా ఎంత వేడి చూస్తోంది? అదే ఈ ప్రాజెక్టు. మా డాక్టర్ గారు ఒప్పుకున్నారు. "నువ్వు కొలువు, నేను పక్కనుంటా" అన్నారు.

ఏప్రిల్ 16

వైరు చివర సెన్సారు ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్లు ఐదు తెప్పించాను. చేపల తొట్టెలకు వాడేవే. వాడే ముందు వాటిని నమ్మొచ్చో లేదో చూడాలి. స్టీలు గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు వేసి, సందుల్లోకి నీళ్లు పోసి, బాగా కలిపి ఐదు సెన్సార్లూ ముంచాను. ఐసూ నీళ్లూ కలిసి ఉన్నంతసేపూ అక్కడ సున్నా డిగ్రీలే. మూడు సున్నాకి దగ్గరగా చూపించాయి. ఒకటి 1.4 చూపించింది. దాని మీద ఆ తేడా రాసి స్టిక్కర్ అంటించాను. ఐదోది మైనస్ 3 చూపించింది, పక్కన పెట్టేశాను. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సిన వస్తువును కొలిచేదానికి మూడు డిగ్రీల తప్పు చిన్న తప్పు కాదు.

ఏప్రిల్ 21

రెండు రాత్రులు చదవడంతోనే సరిపోయింది. ఈ సీసా వెనక ఎంత పని ఉందో తెలిస్తే దాన్ని ఎండలో పెట్టడానికి చెయ్యి రాదు.

పారుడు రోగాన్ని మొదట గుర్తించింది 1942లో, పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో. మన దేశంలో బయటపడింది 1987లో, తమిళనాడులోని అరసూరులో, గొర్రెల్లోనే. దీని వైరస్ పశువులకొచ్చే ముసర రోగం, అంటే రిండర్‌పెస్ట్ వైరస్‌కు దగ్గరి చుట్టం. మనుషుల తట్టు వైరస్ కూడా ఆ కుటుంబమే. అందుకే చాలాకాలం ముసర రోగం టీకానే గొర్రెలకూ మేకలకూ వేసి కాపాడుకున్నారు. ఆ తర్వాత పారుడు రోగానికే విడిగా టీకాలు తయారయ్యాయి. ప్రపంచంలో ఎక్కువగా వాడే టీకాకు మూలం నైజీరియాలో 1975లో దొరికిన వైరస్. మన దేశంలో పేరున్నది సుంగ్రి 96. హిమాచల్ ప్రదేశ్‌లోని సుంగ్రిలో జబ్బుపడిన మేక నుంచి వైరస్‌ను తీసి, ముక్తేశ్వర్‌లో భారత పశువైద్య పరిశోధన సంస్థ వాళ్లు దాన్ని టీకాగా మలిచారు.

మలచడమంటే, ల్యాబులో పెంచే కణాల మీద ఆ వైరస్‌ను ఒక తరం తర్వాత ఒక తరంగా పదుల సార్లు పెంచడం. అలా పెంచగా పెంచగా అది జబ్బు చేసే గుణం పోగొట్టుకుంటుంది. ఒంట్లోకి వెళ్లి కొద్దిగా పెరిగి, రక్షణ వ్యవస్థకు తన ముఖం చూపించే గుణం మాత్రం మిగులుతుంది. అంటే ఇది ప్రాణమున్న టీకా. ఒక్క డోసు చాలు, మూడేళ్లకు తక్కువ కాకుండా కాపాడుతుంది. కానీ ప్రాణముంటేనే. గడ్డకట్టించి ఆరబెట్టిన పొడిగా ఉన్నంతకాలం ఫ్రిజ్‌లో బాగానే ఉంటుంది. సెలైన్‌లో కలిపిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. ఒంటి వేడి దగ్గర ఈ వైరస్ కొన్ని గంటల్లోనే సగం చచ్చిపోతుంది. అందుకే కలిపాక చల్లగానే ఉంచి రెండు గంటల్లోపు వాడేయాలనే నియమం.

ముసర రోగం కథ చదువుతుంటే ఒళ్లు పులకరించింది. వాల్టర్ ప్లోరైట్ అనే పశువైద్యుడు కెన్యాలో దానికి కణాల మీద పెంచిన మంచి టీకా తయారు చేశాడు. కానీ ఆఫ్రికా ఎడారి అంచుల్లో ఫ్రిజ్ ఎక్కడ? ఆ చిక్కు విడదీసింది జెఫ్రీ మేరినర్. వైరస్ అదే, దాన్ని ఆరబెట్టే పద్ధతి, అందులో కలిపే రక్షక పదార్థాలు మార్చాడు. ఆ టీకా ఫ్రిజ్ లేకుండా నెల రోజుల దాకా నిలిచింది. దాన్ని ఇథియోపియాలో, దక్షిణ సూడాన్‌లో పశుకాపరులే భుజాన వేసుకుని, డాక్టర్లు పోలేని చోట్లకు పోయి సూదులు వేశారు. 2011లో ముసర రోగం భూమి మీదే లేకుండా పోయిందని ప్రకటించారు. మన దేశంలో చివరి కేసు 1995లోనే అయిపోయింది. మశూచి తర్వాత మనిషి తుడిచిపెట్టిన రెండో జబ్బు అది. ఇప్పుడు పారుడు రోగాన్ని 2030 కల్లా అలాగే లేకుండా చేయాలని ప్రపంచ దేశాలన్నీ లక్ష్యంగా పెట్టుకున్నాయి.

ఆ లెక్కలో మా కొండ కింది దొడ్డి కూడా ఉంది. నేను నమ్మేదిదే: టీకా తయారీ ల్యాబులో అయిపోదు, గొర్రె పిల్ల చర్మం కింద అవుతుంది.

ఏప్రిల్ 26

ఉత్తుత్తి ప్రయాణం చేశాను. టీకా లేదు, దాని బదులు మామూలు సెలైన్. మామూలుగా మేం ఎలా వెళ్తామో అచ్చం అలాగే వెళ్లాను. వ్యాక్సిన్ క్యారియర్‌లో, అంటే టీకాను చల్లగా ఉంచే డబ్బాలో, నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో ఖాళీ టీకా సీసాలు. కలపడానికి వాడే సెలైన్ సీసాలు మాత్రం, క్యారియర్‌లో చోటు చాలక, బండి పక్క సంచిలో. ఎప్పుడూ అలాగే తీసుకెళ్తాం.

ఎనిమిదిన్నరకు బయల్దేరి తొమ్మిది నలభైకి దొడ్డి చేరాను. క్యారియర్ లోపల బయల్దేరినప్పుడు 4.1, చేరినప్పుడు 4.8. నాకు సంతోషమేసింది. తర్వాత సంచిలో సెలైన్ సీసాకు పెట్టిన థర్మామీటర్ చూశాను. 38.5.

బండి దిగి ఆ అంకె వంక చూస్తూ అలాగే నిలబడిపోయాను. నల్ల రెక్సిన్ సంచి, మీద ఎండ. నాలుగు డిగ్రీల దగ్గర నిద్రపోతున్న వైరస్ పొడిని నేనే తీసుకెళ్లి వేడి నీళ్లలో లేపుతున్నాను ఇన్నాళ్లూ. క్యారియర్‌ను పసిబిడ్డలా చూసుకున్నాం, సెలైన్‌ను ఎవరూ పట్టించుకోలేదు. అది మందు కాదు, ఉప్పునీళ్లే గదా అనుకున్నాం.

రెండో కొలత. చల్లటి సెలైన్ వాడితే చాలా? 7 డిగ్రీల సీసాను ఆటోమేటిక్ సిరంజి ట్యూబుకు తగిలించి, మేం మామూలుగా పట్టుకున్నట్టే చేత్తో పట్టుకుని దొడ్డిలో తిరిగాను. పది నిమిషాలకు 16, ఇరవైకి 23, నలభైకి 31. నూరు జీవాలకు సూదులు వేయడానికి మాకు దాదాపు గంట పడుతుంది. అంటే ముందు వరసలో నిలబడ్డ జీవానికి దక్కే మందు వేరు, చివర పట్టుకొచ్చినదానికి దక్కేది వేరు. చివర దొరికేవి ఎప్పుడూ చురుకైన పిల్లలే, తప్పించుకు తిరుగుతాయి గనక.

మే 2

ఈ రోజు మనసు బాగాలేదు.

పారుడు రోగం టీకాతో పాటు వానలకు ముందే చిటుకు రోగం టీకా కూడా వేయాలి. తొలకరి పచ్చిక తిని బలిసిన పిల్ల సాయంత్రం దాకా గంతులేసి, చిటికె వేసినంతలో పడిపోయేది ఈ రోగంతోనే. పేగుల్లోని ఒక సూక్ష్మజీవి వదిలే విషం దాని కారణం. ఆ టీకా సీసాలు దించిన చోట ఎవరో తొందరలో వాటిని ఫ్రిజ్ గోడకు, ఐసు గదికి ఆనించి పెట్టారు. నేను చూసేసరికి సీసా మీద మంచు పొర ఉంది. లోపల మందు నీళ్లలాగే ఉంది. గడ్డకట్టి కరిగిందా, అసలు కట్టనే లేదా?

ఇక్కడ చాలామంది పొరపడతారు. చల్లగా ఉంటే చాలు, ఎంత చల్లనైతే అంత మంచిది అనుకుంటారు. పారుడు రోగం పొడికి గడ్డకట్టడం వల్ల నష్టం లేదు. కానీ చిటుకు రోగం టీకా ప్రాణం లేని టీకా. మాకు వచ్చినదాంట్లో మందును అల్యూమినియం లవణపు నలుసులకు పట్టించి ఉంచుతారు. గడ్డకడితే ఆ నలుసులు ముద్దలు కట్టి, మందు పట్టు పోతుంది. తర్వాత కరిగినా మళ్లీ మామూలు కాదు. గాలికుంటు టీకా కూడా గడ్డకడితే పనికిరాదు. ఒకే ఫ్రిజ్‌లో ఒకటి చలికి భయపడదు, ఇంకొకటి భయపడుతుంది.

ఊపి చూసే పరీక్ష చేశాను. మూడు సీసాలు. ఒకటి, పై అరలో భద్రంగా ఉన్నది. రెండోది, కావాలని రాత్రంతా గడ్డకట్టించి కరిగించినది. మూడోది, అనుమానం ఉన్నది. మూడింటినీ ఒకేసారి బాగా ఊపి, కిటికీ వెలుతురులో బల్ల మీద నిలబెట్టి వాచీ చూస్తూ కూర్చున్నాను. ఐదు నిమిషాలకు తేడా లేదు. పదికి రెండో సీసా మెడ దగ్గర పలుచబడింది. పావుగంటకు రెండో సీసాలో పైన తేటనీళ్లు, అడుగున సున్నం తేరుకున్నట్టు మడ్డి. మొదటిది ఇంకా గంజిలా తెల్లగానే ఉంది. మూడోది? అచ్చం రెండోదానిలాగే, పైన తేట, అడుగున మడ్డి.

అనుమానం ఉన్న సీసాలన్నీ వేరు చేసి, వాడొద్దని రాసి డాక్టర్ గారికి అప్పగించాను. అవి పోయినందుకు బాధే. ఆ పరీక్ష చేయకపోతే మాత్రం, అవి ఏ దొడ్డికో పోయి, సూది వేయించుకున్నామన్న నిబ్బరంతో ఎవరో పచ్చికలోకి మందను తోలేవాళ్లు.

మే 5

సెలైన్ సంగతికి వద్దాం. ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టడం, రెండో క్యారియర్ అడిగి తెచ్చుకోవడం, ఇవి తేలికే. చిక్కల్లా దొడ్డిలో, కలిపిన తర్వాతే.

మొదట తడి గోనె పట్టా ప్రయత్నించాను. మా నాయనమ్మ మజ్జిగ ముంతకు తడి గుడ్డ చుట్టి వేపచెట్టు కింద పెట్టేది. అదే పద్ధతి. 7 డిగ్రీల సీసాకు తడి గోనె చుట్టి నీడన కొమ్మకు వేలాడదీస్తే ఇరవై నిమిషాలకు 14, నలభైకి 19, గంటకు 22. బయట 38 ఉండగా ఇది చాలా మేలు. కానీ కావాల్సినంత కాదు.

తర్వాత తోచింది, సీసాను అసలు బయటికి తీయడం ఎందుకని. క్యారియర్ మూత కింద స్పాంజి పలక ఉంటుంది, అందులో సీసా పట్టే గాట్లుంటాయి. సీసాను ఆ గాటులో బోర్లా బిగించి, అడుగున ఐస్ ప్యాకుల మధ్యకు వచ్చేలా పెట్టి, సిరంజి ట్యూబును మాత్రం స్పాంజి అంచు నుంచి బయటికి తీశాను. మరుగునీళ్లలో శుభ్రం చేసిన మీటరు పొడవు ట్యూబు. బయట ఉండేది ట్యూబులోని కాస్త మందే, అది నిమిషంలో ఖర్చైపోతుంది. గంట తర్వాత సీసా 9 డిగ్రీలు. ఇంతకాలం ఇది ఎందుకు తట్టలేదో గానీ, ఆ అంకె చూసి మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమెకు ఏమర్థమైందో, "మంచిది, అన్నం తిన్నావా?" అంది.

ఒక చిక్కుంది. ట్యూబు మీటరే కాబట్టి డబ్బా సూది వేసే మనిషితో పాటు నడవాలి. లేదా జీవాలే డబ్బా దగ్గరికి ఒక్కొక్కటిగా రావాలి.

మే 9

కాపరులతో మాట్లాడటానికి పొద్దున్నే వెళ్లాను. మందలు కొన్ని ఇంకా రాలేదు. వరి కోతలయ్యాక కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం వైపు డెల్టా పొలాల్లోకి దిగుతాయి. అక్కడ రైతుల పొలాల్లో రాత్రిళ్లు మంద కట్టి ఎరువిస్తే ధాన్యమో డబ్బో ఇస్తారు. పది ఊళ్ల మందలు కలిసేది అక్కడే, రోగం ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునేదీ అక్కడే. అందుకే దిగకముందే టీకా అయిపోయి ఉండాలి. వచ్చే ఏడు సంక్రాంతి లోపే మొదలుపెట్టాలని రాసుకున్నాను.

పోయినేడాది గొర్రె పిల్లల్ని పోగొట్టుకున్న పెద్దాయనే నాకు ముఖ్యం. థర్మామీటర్ ఆయన చేతిలో పెట్టి, సంచిలోని సెలైన్ 38 దాటిందని దాపరికం లేకుండా చెప్పాను. "మీ పిల్లలు దానివల్లే పోయాయని చెప్పలేను తాతా. కానీ అది తప్పే, ఈసారి జరగనివ్వను" అన్నాను. ఆయన చాలాసేపు ఆ అంకెలే చూశాడు. తర్వాత సెన్సారును తన చంకలో పెట్టుకుని 36 రావడం చూసి తలూపాడు. "మన ఒంటి కన్నా కాగిపోయినాదన్నమాట. సరే, ఎప్పుడొస్తావు? తెల్లారకముందే రా. ఎండెక్కితే నిలవవు."

చూడి గొర్రెలకు వేస్తే ఈసుకుపోతాయని, అంటే కడుపు పోతుందని ఇంకొకాయన భయం. మందు వల్ల ఆ భయం లేదని, పట్టుకునేటప్పుడు కిందపడేసి కడుపు మీద మోకాలు పెడితేనే ప్రమాదమని చెప్పాను. వాటిని నిలబెట్టే వేస్తామని మాటిచ్చాను.

ఆయన భార్య కోళ్ల సంగతి అడిగింది. జీవాలకైతే డబ్బాలేసుకుని వస్తారు, మా కోళ్లు కొక్కెర రోగానికి గంపలు గంపలు పోతున్నా రారేమని. న్యాయమైన మాట. ఈ రోగాన్ని మన దేశంలో 1927లో రాణిఖేత్‌లో గుర్తించారు, ఆ పేరే ఉండిపోయింది. ఆస్ట్రేలియాలో పీటర్ స్ప్రాడ్‌బ్రో అనే ఆయన పల్లె కోళ్ల కోసమే వేడిని తట్టుకునే ఐ-2 అనే టీకా తయారు చేసి, పేద దేశాలు సొంతంగా తయారు చేసుకునేలా దాని విత్తనాన్ని ఇచ్చాడు. కంట్లో ఒక్క చుక్క చాలు, ఆడవాళ్లే వేసుకోవచ్చు. నా తర్వాతి పని అదే. ఆమెకు మాటిచ్చాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మే 14

టీకా రోజు.

మూడున్నరకు లేచాను. ఐస్ ప్యాకులు నిన్నటి నుంచి డీప్ ఫ్రీజర్‌లో ఉన్నాయి. రెండు క్యారియర్లు: ఒకదాంట్లో టీకా పొడి సీసాలు, రెండోదాంట్లో చల్లటి సెలైన్. ఎలర్జీ వస్తే వేయాల్సిన ఇంజెక్షను పై జేబులో. డాక్టర్ గారు, నేను, నేను తమ్ముడని పిలిచే పక్క ఊరి సహాయకుడు. ఐదుకల్లా దొడ్డి దగ్గరున్నాం. బయట 27. పెద్దాయన, కొడుకులు ముళ్లకంప జరిపి సన్నటి దారి చేసి ఉంచారు. ఒక్క జీవం మాత్రమే పట్టే దారి. డబ్బాను దాని పక్కనే అరుగు మీద పెట్టాం. ట్యూబు సరిగ్గా అందింది.

ముందు రక్తం తీయాలి. ఎప్పుడూ టీకా పడని ఇరవై పిల్లల్ని ఏరి, చెవులకు పోగులు వేసి, మెడ నరం నుంచి రక్తం తీశాం. ఈ టీకాతో ఒక ఇబ్బంది ఉంది. రక్తపరీక్షలో కనిపించే రక్షణ టీకా వల్ల వచ్చిందా, నిజంగా రోగం సోకి తగ్గడం వల్ల వచ్చిందా అని విడిగా తెలియదు. అందుకే అవే పిల్లల రక్తం ముందొకసారి, ఇరవై ఎనిమిది రోజులకొకసారి తీసి పోల్చాలి. వేడెక్కిన మందు కొన్ని పిల్లలకూ, చల్లటిది కొన్నింటికీ వేసి తేడా చూస్తే పరీక్ష ఇంకా పక్కాగా ఉండేదని ఒక స్నేహితుడన్నాడు. వేడెక్కిన మందని తెలిసి తెలిసి ఎవరి పిల్లకూ వేయను.

ఐదూ నలభైకి మొదటి సీసా కలిపాను. పొడి మాత్ర మీద చల్లటి సెలైన్ పడగానే చప్పుడు లేకుండా కరిగిపోయింది. గడియారం చూసి సీసా మీద సమయం రాశాను. చర్మం చిటికెతో పైకి లాగి, దాని కింద ఒక మిల్లీలీటరు. ఒకటి, రెండు, మూడు. వేసినదానికి వేసినట్టు వీపు మీద ఎర్ర రంగు గీత. మొదటి నూరు యాభై రెండు నిమిషాల్లో అయిపోయాయి. సీసా ఖాళీ అయ్యేసరికి 8.6. రెండో నూరు ఇంకా తొందరగా అయ్యాయి, కంప దారికి జీవాలు అలవాటు పడ్డాయి.

పదమూడు పిల్లల్ని మాత్రం వదిలేశాను. మూడు నెలలు నిండలేదు. పెద్దాయన కొడుకు, "వాటికి గూడా ఏసెయ్యక్కా, మళ్లా ఎవరొస్తారు" అన్నాడు. అతనికి జున్నుపాల సంగతి చెప్పాను. గొర్రె కడుపులో ఉన్నప్పుడు పిల్లకు తల్లి రక్షణ అందదు, పుట్టగానే తాగే జున్నుపాలతోనే అందుతుంది. ఆ రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లు అది రోగం వైరస్‌నూ చంపుతుంది, మన టీకా వైరస్‌నూ చంపుతుంది. దానికి తేడా తెలియదు. ఇప్పుడు వేస్తే సూది పడినట్టే ఉంటుంది, రక్షణ మాత్రం రాదు. పోయినేడాది పోయిన పిల్లల్లో ఇలాంటివి ఎన్నున్నాయో నాకు తెలియదు. అతను ఏమీ అనలేదు. ఆ పదమూడింటినీ ఎత్తి విడిగా గంప కింద వేశాడు.

చివర చిక్కు: మిగిలిన జీవాలు నలభై ఎనిమిది, సీసా నూరు డోసులది. తక్కువ డోసుల సీసాలు కూడా వస్తాయి, ఈసారి మాకు వచ్చినవన్నీ నూరువే. పక్క సందులో రెండు చిన్న దొడ్లున్నాయి, పద్దెనిమిదొకటి, ఇరవై ఆరొకటి. మూడు మందల్నీ ఒకచోట కలిపేస్తే పని తేలిక. కానీ రోగాన్ని ఆపడానికొచ్చి మందల్ని కలపడం తప్పు. అందుకని మేమే డబ్బా మోసుకుంటూ ఒక దొడ్డి తర్వాత ఒక దొడ్డికి వెళ్లాం. తమ్ముడు డబ్బాను భుజానికి తగిలించుకుని నా వెంటే నడిచాడు. రెండు గంటలకు పది నిమిషాలుండగా అయిపోయింది. సీసాలో మిగిలిన కాస్త మందునూ మరిగించి పూడ్చేశాం.

తొమ్మిదికి మందలు మేతకు పోయాయి. మేం వేపచెట్టు కింద రాగి సంకటి, పులుసు తిన్నాం.

మే 15

రాత్రి పెద్దాయన ఫోన్. రెండు పిల్లలకు ఒళ్లు కాస్త వెచ్చగా ఉందట. వెళ్లి చూశాను. మేస్తున్నాయి, నెమరేస్తున్నాయి. భయం లేదు.

మే 22

బంగాళాఖాతంలో వాయుగుండం. రెండు రోజులుగా ముసురు. బయట 31 మాత్రమే, కానీ గాలంతా తడి. తడి గోనె మళ్లీ కొలిచి చూశాను: గంటకు 27. మెట్ట ఎండలో మజ్జిగను చల్లబరిచే గోనె ముసురులో పనిచేయదు, ఆరితేనే గదా చల్లబడేది. గొర్రెలకొచ్చే నీలి నాలుక వ్యాధి టీకాలు వేసేది కూడా, దాన్ని అంటించే దోమల్లాంటి చిన్న ఈగలు పెరిగే వానాకాలానికి ముందే. అప్పుడప్పుడే ముసురు పట్టొచ్చు. కాబట్టి గోనెను నమ్ముకోవద్దు, స్పాంజి పద్ధతే అందరికీ నేర్పాలి. పక్క మండలం సహాయకులు ఇద్దరు వచ్చి చూసి ఫొటోలు తీసుకున్నారు.

జూన్ 11

ఇరవై ఎనిమిదో రోజు. ఇరవై పిల్లల్లో పంతొమ్మిదే ఉన్నాయి. ఒకదాన్ని కుక్కలు చంపాయి. పంతొమ్మిదింటికీ రక్తం తీశాం. రక్తాన్ని గిర్రున తిప్పి సీరం వేరు చేసే సెంట్రిఫ్యూజ్ మా దగ్గర లేదు. ట్యూబులను నీడన ఏటవాలుగా ఆనించి గడ్డకట్టనిచ్చి, పైకి తేలిన గడ్డివన్నె సీరాన్ని చుక్క కిందపడకుండా చిన్న సీసాల్లోకి వంచాను. ప్రతి సీసా మీదా పోగు నంబరు, తేదీ. ముందు తీసినవీ ఇప్పుడు తీసినవీ జతలుగా కట్టి, అదే క్యారియర్‌లో, అవే ఐస్ ప్యాకుల మధ్య పెట్టి డాక్టర్ గారి చేత ల్యాబుకు పంపాను. రక్తంలో రక్షణ వచ్చిందో లేదో చూపే ఎలీసా పరీక్ష ఫలితం వచ్చాక ఇక్కడే రాస్తాను.

తిరిగొస్తుంటే పెద్దాయన దొడ్డి గేటు దగ్గర ఆపాడు. ఆ పదమూడు పిల్లలూ ఇప్పుడు మూడు నెలలు దాటాయి. "వీటికెప్పుడు?" అన్నాడు. పదమూడు కోసం నూరు డోసుల సీసా తెరవడమెలాగా అని నేను లెక్కలు వేసుకుంటుంటే ఆయనే అన్నాడు, పై వీధి, చెరువు కట్ట, కొండ కింద, మొత్తం ఏడు దొడ్లలో సూది పడని పిల్లలు ఎనభై ఆరున్నాయని, వాళ్లందరికీ ఆదివారం తెల్లారి ఐదింటికని చెప్పేశానని. "మందలు కలపబాకండి, ఎవరి దొడ్లో వాళ్లే దారి కట్టుకుని ఉండమన్నా. డబ్బా నేను మోస్తా."